ప్రెస్సు మేడ మీద అద్దె గది

ఆ మేడకి ‘గది అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. కాలేజీ చుట్టుపక్కల కోళ్ళగూడంత గది ఖాళీ అయినా సాయంత్రానికల్లా ఎవరో ఒకరు పెట్టేబేడా సర్దుకుని దిగిపోతారు. అలాంటి చోట ప్రెస్సు మేడ మీద గది మాత్రం ఖాళీగా పడి ఉండేది. ఎవరైనా తెగించి దిగినా... వారం తిరక్కుండానే పరుపు చంకన పెట్టుకుని పరుగో పరుగు.

కింద ప్రెస్సు మూతబడి చాలా ఏళ్ళయింది. షట్టరు కింద గడ్డి మొలిచింది. మధ్య అంతస్తు నిండా పాత టైర్లు. ఆ పైన ఎదురెదురుగా రెండు గదులు, మధ్యలో ఇరుకు నడవ, నడవ చివర ఓ కుళాయి. ఎడమ చేతి గదికి తుప్పుపట్టిన తాళం. ప్రెస్సులో అక్షరాలు పేర్చే ముసలాయన ఒకడు పూర్వం అందులో ఉండేవాడట. వెనకా ముందూ ఎవరూ లేనివాడు. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలీదు. వాసన వచ్చాకే తలుపు పగలగొట్టారట.

అప్పట్నుంచీ ఆయన అద్దె కట్టకుండా అక్కడే కాపురం ఉంటున్నాడని ఆ వీధిలో జోకు. పగటిపూట మాత్రమే వేసుకునే జోకు. పొద్దుగూకితే ఆ మాట ఎత్తినవాడు లేడు.

ఆ కుడి చేతి గదిలో దిగిన పిల్ల కథ ఇది. ఆ పిల్ల స్నేహితురాలు నాకు చెప్పింది. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆ పిల్లని ఇంట్లో గువ్వ అని పిలిచేవాళ్ళు. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉండేది. లెక్కల్లో డిగ్రీ చదువుతోంది. మొదటి ఏడాది కాలేజీ హాస్టల్లో చోటు దొరికింది. రెండో ఏడు రాగానే, కొత్త పిల్లలకే చాలట్లేదు, మీ ఏర్పాట్లు మీరు చూసుకోండి అన్నారు. చూసుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది దానికి. ఓ ఇంట్లో వంటగది పక్క సందులో మంచం వేసిస్తామన్నారు, తీరా అడ్వాన్సు ఇచ్చాక ఆ ఇల్లే అమ్మేశారు. ఇంకోచోట గది అన్నది నిజానికి వరండా, వాన వస్తే పరుపు నిలబెట్టాలి. ఆ తర్వాత స్నేహితురాలి హాస్టల్లో దొంగతనంగా మంచం కింద పడుకుంది. వార్డెన్‌కి దాని కాలు కనపడింది. అంతే!

ఓ రాత్రి బస్టాండులో పుస్తకాల సంచీ తలకింద పెట్టుకుని కూర్చుంది... పడుకోలేదు, కూర్చుంది. పొద్దున్న వాళ్ళమ్మ ఫోన్ చేసింది. వాళ్ళమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేస్తుంది.

“రూము బావుందా అమ్మలూ?”

“బావుందమ్మా. గాలీ వెలుతురూ బాగా వస్తున్నాయి,” అంది గువ్వ, బస్టాండు చుట్టూ చూస్తూ.

అబద్ధం చెప్పానన్న బాధ కన్నా, ఇంకో వారం ఇలాగే గడిస్తే పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సిందే అన్న దిగులు ఎక్కువైంది. ఇంటికి పోతే అమ్మ పక్క మిషను ముందు కూర్చోవడమే. చదువు ముగిసినట్టే.

ఆ రోజే బ్రోకరు ప్రెస్సు మేడ చూపించాడు. చూపించాడంటే, వీధి అవతల నిలబడి వేలు పెట్టి చూపించాడు.

“పైకి రారా?”

“నాకు మోకాళ్ళ నొప్పులమ్మా. నువ్వెళ్ళి చూసుకో.”

అద్దె విన్నాక గువ్వ రెండోసారి అడిగింది, తను సరిగ్గా విన్నదో లేదో అని. ఇంత చవకేమిటండీ అంటే బ్రోకరు చెప్పుల వైపు చూసుకున్నాడు. మేడ గలాయన, టైర్ల వ్యాపారి, తాళంచెవి వీధిలోనే చేతిలో పెట్టాడు. అద్దె కూడా కిందకి తెచ్చి ఇవ్వమన్నాడు.

“ఎదుటి గది జోలికి పోకు,” అని మాత్రం అన్నాడు.

మొదటి రాత్రి అలిసిపోయి పడుకుందేమో, ఒళ్ళు తెలీలేదు. రెండో రాత్రి...

వీధి దీపం తప్ప ఊరంతా నిద్రపోయాక, మెట్ల మీద అడుగులు వినపడ్డాయి.

చెప్పుల చప్పుడు కాదు. ఒట్టి పాదాలు. మెత్తగా... ఆగి ఆగి... ఎవరూ వినకూడదని ఎక్కుతున్నట్టు. పై మెట్టు దాకా వచ్చాయి. నడవలోకి వచ్చాయి. గువ్వ తలుపు ముందు ఆగాయి.

గువ్వ దుప్పటి అంచు పళ్ళ మధ్య బిగబట్టింది.

కాసేపటికి ఎదుటి తలుపు మూలిగింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నడవ చివర కుళాయి సన్నగా, చాలా సన్నగా పారుతున్న చప్పుడు. గుడ్డలో కుక్కుకున్నట్టు ఓ దగ్గు.

ఇక తెల్లవార్లూ గువ్వ కూర్చునే ఉంది.

వెలుగు బాగా వచ్చాక తలుపు రవ్వంత తీసి చూసింది. ఎదుటి గదికి తాళం... వేసినట్టే ఉంది. అదే తుప్పు, అదే సాలెగూడు. కానీ కుళాయి దగ్గర నేల తడిగా ఉంది. ఆ తడిలోంచి ఓ పాదం గుర్తు ఎదుటి గది వైపు తిరిగి ఉంది.

ఆ రాత్రీ అంతే. మర్నాడూ అంతే. పైగా కొత్తగా ఇంకోటి మొదలైంది. తాళం వేసిన గదిలోంచి గుసగుస. ఒక్కరే మాట్లాడుకుంటున్నట్టు... అడిగేదీ చెప్పేదీ తనే అయినట్టు. మాటలు తెలిసేవి కావు. చెవులు మూసుకుంటే ఇంకా బాగా వినపడేవి.

గువ్వ ఇక ఆపుకోలేక స్నేహితురాలికి చెప్పింది. ఆ స్నేహితురాలిని క్లాసంతా సోడాబుడ్డి అంటారు, కళ్ళద్దాల మందం చూసి. మంచం కింద దాచిపెట్టింది ఆమే.

“దెయ్యం లేదు, దాని పిండాకూడూ లేదు,” అంది సోడాబుడ్డి. “ఎలుకలై ఉంటాయి. ఇవాళ రాత్రి నేనొస్తా. ఎలకల మందు కూడా తెస్తా.”

తెచ్చింది కూడా. టార్చి లైటు, ఎలకల మందు, బిస్కెట్ల పొట్లం. చీకటి పడేదాకా కబుర్లే కబుర్లు. నవ్వులే నవ్వులు. అర్ధరాత్రి దాటాక మెట్ల మీద ఆ అడుగులు మొదలైనప్పుడు మాత్రం నోట్లో బిస్కెట్టు నోట్లోనే ఉండిపోయింది.

“...ఎలకలేనంటావా?” గువ్వ ఆమె చెవిలో అంది.

సోడాబుడ్డి గువ్వ చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

ఇద్దరూ పాక్కుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి చెవి ఆనించారు. ఎదుటి గదిలో గుసగుస. ఆ రాత్రి వాన లేదు, గాలి లేదు. ముక్క ముక్కగా మాటలు తెలుస్తున్నాయి.

“...అయితే... అప్పుడు...”

ఆగింది.

“...కాబట్టి...”

మళ్ళీ ఆగింది. ఇంకా మెల్లిగా—

“...కాబట్టి...”

సోడాబుడ్డి గువ్వ భుజం కుదిపింది. “కాబట్టి ఏంటే? ఒసేయ్, కాబట్టి ఏం చేస్తుందే మనల్ని?”

తెల్లవారకముందే, వీధిలో పాలవాడి సైకిలు గంట వినపడగానే చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది, వెనకే గువ్వ. కింద నిలబడి, పైకి చూడకుండా, “నువ్వూ వచ్చెయ్యవే,” అంది.

“ఎక్కడికి?”

సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడుచుకుంది.

గువ్వ మళ్ళీ పైకి ఎక్కింది.

ఆ రాత్రి గువ్వ చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. గుసగుస మొదలవగానే తలుపు తీసింది. నడవ దాటింది. తాళం వేసిన తలుపు ముందు గొంతుక్కూర్చుంది.

“ఏమండీ...”

గుసగుస ఠక్కున ఆగిపోయింది.

“నేను మీకు అడ్డం రాను. చప్పుడు చెయ్యను. నాకింకెక్కడా చోటు లేదండీ. పరీక్షలయ్యేదాకా... అంతవరకూ ఉండనివ్వండి. నన్నేం చెయ్యకండి.”

లోపల చప్పుడు లేదు. కానీ తలుపుకి ఆవల, జానెడు దూరంలో, ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నారని దానికి తెలిసిపోయింది. ఎలా తెలిసిందో చెప్పలేకపోయింది. కూర్చున్నది కూర్చున్నట్టే వెనక్కి జరుగుతూ గదిలోకి వచ్చి గడియ పెట్టుకుంది.

మర్నాడు లెక్కల క్లాసులో బెంచీ మీద తల వాల్చి నిద్రపోయింది. లెక్కల సారు అరిచే రకం కాదు. తెల్లచొక్కా నలగకుండా, తల దువ్వు చెదరకుండా ఉండే మనిషి. క్లాసయ్యాక ఆగమని అన్నాడు.

“రాత్రిళ్ళు నిద్ర ఉండట్లేదా అమ్మా?”

“లేదు సార్.”

“ఎక్కడుంటున్నావు?”

“ప్రెస్సు మేడ మీద, సార్.”

సారు బోర్డు తుడుస్తున్నవాడల్లా ఆగాడు. ఆ మేడ పేరు వింటే అందరూ అలాగే ఆగుతారు కాబట్టి గువ్వకి వింత అనిపించలేదు.

“భయం... వెయ్యట్లేదా?”

“వేస్తోంది సార్. కానీ వేరే చోటు లేదు.”

ఆయన తుడిచిన చోటే మళ్ళీ తుడిచి, డస్టరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అడుగులు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కుళాయి పారలేదు, దగ్గు లేదు, గుసగుస లేదు. వరసగా కొన్ని రాత్రులు మేడంతా చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. వినపడినప్పుడు అది ఎక్కడుందో తెలిసేది. ఇప్పుడెక్కడుందో తెలీదు. తన గదిలోకే వచ్చేసిందేమో! మంచం కిందికి టార్చి వేసి చూడ్డానికి కూడా గువ్వకి ధైర్యం చాలేది కాదు. లెక్కల సారు కూడా కాలేజీకి రావడం మానేశాడు, ఒంట్లో బాలేదన్నారు. ఆ కబురు దాని చెవిని పడీ పడనట్టు పోయింది.

ఆ తర్వాత ఓ రాత్రి కుండపోతగా వాన. కరెంటు పోయింది. ఆ చీకట్లో, ఆ హోరులో, మెట్ల మీద అడుగులు.

ఈసారి మెత్తగా లేవు. ఈడ్చుకుంటూ... తడబడుతూ... గోడ పట్టుకుని ఎక్కుతున్నట్టు. ఎదుటి తలుపు కిర్రుమంది. దబ్బుమని ఏదో పడింది.

మూలుగు.

గువ్వ చెవుల మీద దిండు అదుముకుంది. దిండులోంచి కూడా వినపడింది—

“నీళ్ళు...”

పడి ఉన్న మనిషి అడిగే గొంతది. వాన పెరుగుతోంది.

“నీళ్ళు... ఎవరైనా...”

ఆ ముసలాయన ఒంటరిగా పోయాడన్న సంగతి దానికి అప్పుడు గుర్తొచ్చింది. ఆయనా ఇలాగే అడిగి ఉంటాడు. ఎవరూ వెళ్ళి ఉండరు. అది తోచాక ఇక మంచం మీద ఉండలేకపోయింది. భయం తగ్గలేదు. భయపడుతూనే లేచింది. చెంబుతో నీళ్ళు పట్టుకుని, ఫోన్‌లో లైటు వేసుకుని నడవ దాటింది.

తలుపుకి తాళం వేసే ఉంది. అయినా అరచేత్తో నెట్టింది.

తలుపు తెరుచుకుంది. తాళం తాళంలాగే ఉంది, గొళ్ళెం గొళ్ళెంలాగే ఉంది. మరలు మాత్రం చెక్కలోంచి ఊడి, గొళ్ళెంతో పాటు గాలిలో వేలాడుతున్నాయి.

లోపల చీకటి. గువ్వ లైటు ఎత్తింది. ఎదురుగా, నేలకి అందకుండా, తెల్లగా ఏదో ఊగుతోంది. తల లేదు. చేతులున్నాయి.

చెంబు చేజారింది.

“లైటు... కళ్ళల్లో కొట్టకమ్మా...”

గొంతు నేల మీంచి వచ్చింది. గువ్వ లైటు కిందికి దించింది. చాప మీద, తడి బట్టలతో, గజగజ వణుకుతూ ఓ మనిషి. పైన తాడుకి వేలాడుతున్నది ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా.

లెక్కల సారు.

“క్లాసులో... ఎవరికీ చెప్పకమ్మా,” అన్నాడాయన. ఆ స్థితిలో ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

చెయ్యి వేస్తే ఆయన ఒళ్ళు కాలిపోతోంది. గువ్వ మళ్ళీ నీళ్ళు తెచ్చి పట్టించి, పొడి దుప్పటి కప్పి, సోడాబుడ్డికి ఫోన్ చేసింది. ఆమె వచ్చేలోపు, మగత మగతగా, సారు చెప్పాడు. ఆయన కాలేజీలో గంటలెక్కన పాఠం చెప్పే మేష్టారు. సెలవులొస్తే జీతం లేదు. ఒంటరి మగవాడికి ఇల్లివ్వమనేవాళ్ళు కొందరు, ఇచ్చేవాళ్ళ అద్దె ఆయన కట్టలేడు. ఈ మేడ చూడ్డానికి వచ్చినప్పుడు ఎడమ చేతి గది గొళ్ళెం చేతికి ఊడి వచ్చింది. అంతే, అలాగే ఉండిపోయాడు. ట్యూషన్లు చెప్పి, వీధి నిద్రపోయాక చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవాడు. మర్నాటి పాఠం గొంతులోనే వల్లించుకునేవాడు.

“దెయ్యమన్న పేరు నేను పెట్టింది కాదమ్మా. దాని చాటున తలదాచుకున్నాను. నువ్వు ఆ రోజు తలుపు దగ్గర కూర్చుని అడిగావు చూడు... సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత నువ్వెవరో తెలిసింది. నిన్ను భయపెట్టి నేను పడుకోలేకపోయాను. స్టేషన్లో పడుకున్నా... వానలో...”

గువ్వకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ తను దేన్ని చూసి వణికిందో అది తన కోసం వానలో తడిసింది.

తెల్లారేసరికి ఇద్దరూ కలిసి సారుని పెద్దాసుపత్రిలో చేర్చారు. న్యుమోనియా అన్నారు, ఇంకో రోజు ఆగితే చెప్పలేకపోయేవాళ్ళం అన్నారు. సోడాబుడ్డి పక్కన కూర్చుంది. గువ్వ సారుకి పొడిబట్టలు తీసుకెళ్దామని మేడకి వచ్చింది. ముందు ఎదుటి గదిలో చాప చుట్టి మూలకి పెట్టింది. తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం మరలు మళ్ళీ కన్నాల్లో కూర్చోబెట్టింది. స్నానం చేసి కాస్త నడుం వాల్చింది.

మెలకువ వచ్చేసరికి సాయంత్రం. ఎండ ఇంకా నడవలోనే ఉంది. మెట్ల మీద చెప్పుల టపటపలు. టైర్ల వ్యాపారి! మేడ కట్టినాక ఎప్పుడైనా పైకి ఎక్కాడో లేదో మరి. చేతిలో తాళంచెవుల గుత్తి.

“ఏమ్మాయ్, బానే ఉన్నావే! నీ ముందు ఎవరూ ఇన్నాళ్ళు ఉండలేదు,” అన్నాడు నవ్వుతూ. “అంటే ఇక్కడేం లేదన్నమాట. అనవసరంగా ఇన్నేళ్ళు చవగ్గా ఇచ్చుకున్నాను. రెండు గదులకీ రంగులు వేయిస్తా. ఇక బజారు రేటే.”

“బాబాయ్ గారూ, పరీక్షలయ్యేదాకా...”

“నేనేమన్నా ధర్మసత్రం నడుపుతున్నానా?”

నిలదొక్కుకుని బతికినందుకే చోటు పోతోంది. దానికన్నా ముందు... ఆయన ఎడమ చేతి గది తాళం పట్టుకున్నాడు. లోపల సారు చాప, పుస్తకాలు, చొక్కా. చూశాడంటే పోలీసులే. ఆయన తాళంచెవి దూర్చి, తుప్పు వదలక గింజుకుంటున్నాడు. తలుపు గడగడలాడుతోంది.

లోపల్నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

టైర్ల వ్యాపారి చెయ్యి ఆగింది.

“ఎవరదీ?”

నిద్ర చెడిన మనిషి విసుగు. మగగొంతు. తలుపుకి బాగా దగ్గరగా.

ఆయన అరవనైనా అరవలేదు. తాళంచెవుల గుత్తి తాళానికే వదిలేసి, గోడని రాసుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్ళి, మెట్ల దగ్గర తిరిగి, దొర్లినట్టే దిగిపోయాడు. ఓ చెప్పు పైనే ఉండిపోయింది.

గువ్వకి ప్రాణం లేచొచ్చింది. పగలబడి నవ్వింది. ఆసుపత్రి వాళ్ళు అప్పుడే పంపించేశారా! తను నిద్రలో ఉండగా వచ్చి పడుకున్నారా!

“భలే సమయానికి అన్నారు సార్!” అంటూ తలుపు నెట్టింది.

చాప మూలన, తను చుట్టి పెట్టినట్టే ఉంది. పుస్తకాల దొంతర, తాడు మీద చొక్కా. కిటికీకి ఊచలు. దాక్కోవడానికి బీరువా లేదు, మంచం లేదు.

ఎవరూ లేరు.

చేతిలో ఫోన్ మోగింది. సోడాబుడ్డి.

“ఎక్కడ చచ్చావే? సారుకి సెలైన్ ఎక్కుతోంది. మధ్యాహ్నం నుంచి ఒళ్ళెరగని నిద్ర. వచ్చేటప్పుడు ఆయన చొక్కా తీసుకురా.”

“...ఆ,” అంది గువ్వ.

ఫోన్ పెట్టేసింది. గదిలోకి ఓ అడుగు వేసింది. ఇంకో అడుగు. తాడు మీంచి చొక్కా తీసింది. వెనక్కి తిరగకుండానే, ఖాళీ గదికి ముఖం పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ గడప దాటింది. తలుపు మెల్లిగా, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. గొళ్ళెం సర్దింది.

పారిపోదామనే అనుకుంది. ఎక్కడికి?

తలుపుకి దగ్గరగా వంగింది.

“తాతగారూ...” నడవలో అటూ ఇటూ చూసి మళ్ళీ అంది. “తాతగారూ, చాలా థాంక్సండీ.”

లోపల్నుంచి జవాబు రాలేదు.

రానందుకు ఇంకోసారి థాంక్స్ చెప్పుకుని, చొక్కా గుండెలకి అదుముకుని మెట్లు దిగింది.